పొటాషియం కనిపించినంత మాత్రాన అది వరి కొయ్యల పొగ కాదు

మీ ప్రశ్నను నాకు అర్థమైన మాటల్లో ముందు చెప్పుకుంటాను. హనుమకొండలో ఒక మేడ మీద యంత్రం పెట్టి, ఏడాదిలో వేర్వేరు కాలాల్లో మొత్తం 60 రోజులు పీఎం 2.5 కణాలను, అంటే గాలిలోని 2.5 మైక్రాన్ల లోపు సన్నని కణాలను, ఫిల్టర్ల మీద పట్టారు. వాటిలోని మూలకాలను ఎక్స్‌రే యంత్రంతో కొలిపించారు. ఆ పట్టికను, ఏ కాలుష్యం ఎక్కడిదో లెక్కతేల్చే పీఎంఎఫ్ మోడల్‌కు ఇస్తే ఐదు ఫ్యాక్టర్లు, అంటే కలిసి పెరిగి తగ్గే మూలకాల గుంపులు ఐదు వచ్చాయి. ఒకదానిలో పొటాషియం బాగా ఉంది కాబట్టి దానికి ‘వరి కొయ్యల దహనం’ అని పేరు పెట్టి, వాటా 34 శాతం అని థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. పీఎంఎఫ్ బదులు ఇదే పని చేసే సీఎంబీ అనే ఇంకో మోడల్ వాడి ఉంటే మేలా అన్నది రెండో ప్రశ్న.

రాయకండి. గైడ్ తొందరపెట్టినా సరే, ఇంకొక్క పరీక్ష చేయించేదాకా ఆ పేరు పెట్టకండి. అంకె సంగతి తరువాత చూద్దాం. నాకు అనుమానం ఆ అంకెకు మీరు తగిలించిన పేరు మీద.

ఇదే పొరపాటు నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట కరీంనగర్ శివార్లలో నమూనాలు పట్టాం. ఏప్రిల్ రాగానే పొటాషియం ఉన్న ఫ్యాక్టర్ పైకి లేచింది. యాసంగి కోతలు, హార్వెస్టర్లు, పొలాల్లో మంటలు అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. ఇంకేం ఆలోచించలేదు, ‘గడ్డి పొగ’ అని రాసేశాను. సమావేశంలో ఆ బొమ్మ చూపిస్తుంటే వెనక వరుసలో కూర్చున్న ఒక భూగర్భ శాస్త్రం మాస్టారు లేచి ఒకే ప్రశ్న వేశారు: ‘మీరు యంత్రం పెట్టిన చోట కాళ్ళ కింద ఏ రాయి ఉంది బాబూ?’ గ్రానైట్ అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా కూర్చున్నారు. ఆ ప్రశ్న లోతు నాకు హోటల్ గదికి చేరాక గానీ తెలియలేదు. దాని దగ్గరికి వస్తాను. ముందు మోడళ్ళ సంగతి చూద్దాం.

మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్ళే ఉంటారు. తేజ రకానికి కారం ఎక్కువ, రంగు తక్కువ. మన చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ. లెక్క సులువుగా ఉండడానికి తేజకు కారం 10, రంగు 3 అనుకుందాం. చపాటాకు కారం 2, రంగు 9. ఇప్పుడు ఎవరో రెండూ కలిపి దంచిన పొడి మీ ముందు పెట్టారు. కొలిస్తే కారం 4, రంగు 7.5 వచ్చింది. ఏది ఎంత కలిసింది? పావు వంతు తేజ, ముప్పావు వంతు చపాటా. పదో తరగతి సమీకరణాలు చాలు.

సీఎంబీ చేసేది ఇదే. కారం, రంగుల చోట సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, కర్బనం, సల్ఫేట్, సీసం లాంటి పదిహేను ఇరవై కొలతలు ఉంటాయి. రకాల చోట మట్టి, డీజిల్ పొగ, కట్టెల పొగ, బొగ్గు బూడిద ఉంటాయి. ఏ మూలంలో ఏది ఎంత పాళ్ళలో ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. ఆ పట్టికనే మూలం ప్రొఫైల్ అంటాం. ప్రొఫైల్ తెలిస్తే ఒక్క రోజు ఫిల్టర్‌తో కూడా జవాబు తీయవచ్చు. అయితే పొడిలో మీకు తెలియని మూడో రకం ఏదైనా కలిసి ఉంటే సీఎంబీ ఆ మాట పైకి చెప్పదు, దాని వాటాను ఉన్న రెండింటికీ పంచేస్తుంది. ఎక్కడో మొత్తం బరువుకు లెక్క కుదరకపోవడం మాత్రం కనిపిస్తుంది. అందుకే లెక్క తేల్చిన బరువు అసలు బరువులో 80 నుంచి 120 శాతం మధ్య ఉందా, లెక్కకూ కొలతకూ ఉన్న తేడాను చెప్పే కై స్క్వేర్ అనే అంకె 4 లోపు ఉందా అని చూడమంటారు.

పీఎంఎఫ్ దారి వేరు. ఈసారి వంద బస్తాలు ఉన్నాయి, ఒక్కో బస్తాలో కలిపిన పాళ్ళు వేరు, ఏ రకాలు కలిశాయో మాత్రం ఎవరికీ తెలియదు. అయినా వంద బస్తాల కారం, రంగు, గింజ, తేమ అన్నీ కొలిస్తే, ఏవి కలిసి పెరుగుతున్నాయో, ఏవి కలిసి తగ్గుతున్నాయో చూసి ‘ఇందులో మూడు రకాలు ఉన్నట్టున్నాయి’ అని ఊహించవచ్చు. ఏ రకమూ సున్నాకంటే తక్కువ ఉండకూడదన్నదే గట్టి నియమం. ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు పాటెరో, టాపర్ 1994లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు మనమంతా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చింది.

గమనించారా, పీఎంఎఫ్ మీకు ఇచ్చేది ‘మొదటి ఫ్యాక్టర్, రెండో ఫ్యాక్టర్’ అన్న వరుసలే. పేర్లు పెట్టేది మనం. బిడ్డ పుట్టిన తరువాత బారసాల చేసినట్టు, అంకెలు వచ్చాక తీరిగ్గా పేరు వెతుకుతాం. తప్పులన్నీ ఆ బారసాలలోనే జరుగుతాయి.

ఇక పొటాషియం.

చెట్టుకైనా గడ్డికైనా పొటాషియం కావాలి. అవి కాలితే ఆ పొటాషియం క్లోరైడ్‌గా, సల్ఫేట్‌గా సన్నని కణాల్లోకి చేరుతుంది. అందుకే పుస్తకాలన్నీ పొటాషియం అంటే జీవ ఇంధనాల పొగ అని రాస్తాయి. ఆ మాట తప్పు కాదు, పుస్తకం రాసిన ఊరికి సరిపోతుంది. మన ఊరి సంగతి వేరు. వరంగల్ కోట గోడల నుంచి కరీంనగర్ గుట్టల దాకా మన కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. ఆ రాయికి గులాబీ రంగు తెచ్చే ఖనిజం పేరే పొటాష్ ఫెల్డ్‌స్పార్. సగటు గ్రానైట్‌లో పొటాషియం 3 శాతం పైనే ఉంటుంది, ఇనుము 2 శాతం చుట్టుపక్కల ఉంటుంది. రాయి కోసినా, కంకర కొట్టినా, టిప్పర్ల కింద నలిగినా లేచే ధూళిలో పొటాషియం ఉండి తీరుతుంది. ఆ ధూళిలో ఎక్కువ భాగం ముతకదే, అయినా సన్నని తోక ఒకటి పీఎం 2.5లోకి కూడా వస్తుంది.

అమెరికా జాతీయ పార్కుల్లో కొలతలు తీసే ఇంప్రూవ్ అనే నెట్‌వర్క్ ఒక సులువు సూత్రం వాడుతుంది. మొత్తం పొటాషియంలోంచి, ఇనుముకు 0.6 రెట్లు తీసేస్తే మిగిలింది పొగ పొటాషియం అని. మన దగ్గర చాలామంది ఆ 0.6ను అలాగే ఎత్తి వాడేస్తున్నారు. ఏమవుతుందో చూడండి. మీ ఫిల్టర్ మీద పడింది మొత్తం గ్రానైట్ పొడే అనుకుందాం, ఒక్క గడ్డిపోచ కూడా కాలలేదు. ఇనుము 100 నానోగ్రాములు ఉంటే పొటాషియం 160 దాకా ఉంటుంది. అందులోంచి 60 తీసేస్తే ఇంకా 100 మిగిలింది. సూత్రం ప్రకారం అదంతా పొగ! మంట లేకుండానే పొగ పుట్టింది.

దీనికి తలకిందుల తప్పూ ఉంది. చెలక నేలల ఎర్రమట్టిలో వానలకు పొటాషియం చాలావరకు కొట్టుకుపోయి, ఇనుము నిలిచిపోయి ఉంటుంది. ఆ ఎరుపు ఇనుముదే. అక్కడ 0.6 వాడితే నిజంగా ఉన్న పొగ కూడా మాయమవుతుంది. ఒకే మండలంలో క్వారీ ధూళిది ఒక నిష్పత్తి, చెలక ధూళిది మరొకటి. అరువు తెచ్చుకున్న అంకె ఏ ఒక్కదానికీ సరిపోదు.

ఇందులోంచి బయటపడే దారి చాలా చవకైనది, అందుకే మీకు చెప్పాలని ఇంత రాస్తున్నాను. ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం నీళ్ళలో కరగదు. పొగలోని పొటాషియం కరుగుతుంది. మీరు చేయించిన ఎక్స్‌రే కొలత రెండింటినీ కలిపి మొత్తం చెబుతుంది. అదే రోజు ఫిల్టర్ ముక్కను శుద్ధమైన నీళ్ళలో నానబెట్టి, నీళ్ళలో కరిగిన అయాన్లను విడదీసి కొలిచే అయాన్ క్రొమటోగ్రఫీలో పెడితే కరిగిన పొటాషియం ఒక్కటే తెలుస్తుంది. రెండూ దగ్గరగా ఉంటే పొగ, బాగా దూరంగా ఉంటే రాయి. మా కరీంనగర్ ఫిల్టర్లను అలా మళ్ళీ కొలిపించాక నేను ‘గడ్డి పొగ’ అన్నదానిలో పెద్ద ముక్క క్వారీలదని తేలింది. ఏప్రిల్‌లో పెరిగింది కూడా ఎండకు నేల ఆరిపోయి ధూళి లేచినందుకే.

కరిగే పొటాషియం ఉన్నా కూడా అది వరి కొయ్యలే అనడానికి లేదు. పత్తి కట్టె కాల్చినా, హోటల్లో కట్టెల పొయ్యి పెట్టినా, ఇటుక బట్టీలో ఊక వేసినా, పిడకలు రాజేసినా అదే పొటాషియం. లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థాన్ని ఇంకా నమ్మకమైన గుర్తుగా చెబుతారు, అది సెల్యులోజ్ కాలితేనే పుడుతుంది. కానీ గడ్డిలోనూ కట్టెలోనూ ఉన్నది ఆ సెల్యులోజే. గడ్డిలో క్లోరిన్ ఎక్కువన్నది నిజమే, అయితే చెత్తలో ప్లాస్టిక్ కాలినా క్లోరిన్ వస్తుంది. ఈ చిక్కులో రసాయన శాస్త్రం కంటే క్యాలెండర్ ఎక్కువ సాయం చేస్తుంది. హోటల్ పొయ్యి ఏడాది పొడవునా మండుతుంది. కొయ్యలు వానాకాలం కోతల తరువాత కొన్ని వారాలు, యాసంగి కోతల తరువాత కొన్ని వారాలు మాత్రమే కాలుతాయి. మీ ఫ్యాక్టర్ ఆగస్టులో కూడా నిలకడగా ఉంటే అది కొయ్యలది కాదు. ఉపగ్రహాల మంట చుక్కలతో పోల్చండి, కానీ వాటినే ప్రమాణంగా పెట్టుకోకండి. 375 మీటర్ల చుక్కలు చూపించే వీర్స్ పరికరం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక మళ్ళీ అదే వేళకు మన మీదుగా పోతుంది. సాయంత్రం గాలి తగ్గాక అంటించి చీకటి పడేలోగా ఆరిపోయే మంట దాని కంట పడదు.

దీపావళి ముందు వెనక రోజులను పక్కన పెట్టారా? టపాకాయల మందులో సురేకారం ఉంటుంది, అంటే పొటాషియం నైట్రేట్. అదీ నీళ్ళలో కరుగుతుంది, అదీ సరిగ్గా వానాకాలం కోతల సమయానికే వస్తుంది. ఆ రోజుల్లో బేరియం, స్ట్రాన్షియం కూడా ఎగిసి ఉంటే అనుమానం అక్కరలేదు. 60 నమూనాల్లో అలాంటివి రెండు ఉన్నా మొత్తం ఫ్యాక్టర్‌ను తమ వైపు లాగేసుకుంటాయి.

మీ పట్టికలో ‘మట్టి’ అని పేరు పెట్టిన ఫ్యాక్టర్ గురించి కూడా ఒక మాట. సిలికాన్, అల్యూమినియం, టైటానియం ఉంటే మట్టి అనేశారు. రామగుండం, భూపాలపల్లి దగ్గర చెల్పూరు, మంచిర్యాల దగ్గర జైపూర్‌లో బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాలున్న ప్రాంతం మనది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ బూడిద కూడా సిలికాన్, అల్యూమినియమే. రెండు మిర్చి రకాల కారం, రంగు ఒకేలా ఉంటే పొడిలో వాటిని విడదీయలేం కదా, ఇదీ అంతే. సీఎంబీకి మట్టి, బూడిద రెండు ప్రొఫైళ్ళూ ఇస్తే ఒకదానికి కొండంత వాటా, రెండోదానికి మైనస్ వాటా ఇచ్చి నవ్వుతుంది. ఆర్సెనిక్, సెలీనియం ఉంటే బొగ్గు అనవచ్చు. కానీ మీ ఎక్స్‌రే కొలతలో ఆర్సెనిక్ గీత, సీసం గీత దాదాపు ఒకే చోట పడతాయి. సీసం ఉన్న ఫిల్టర్ మీద ఆర్సెనిక్ అంకెను నేనైతే నమ్మను, మూలకాలను బరువును బట్టి విడదీసి కొలిచే ఐసీపీ మాస్ యంత్రంలో కొలిపిస్తాను. అంతకంటే నాకు ఇష్టమైన పరీక్ష మరొకటి ఉంది. నాలుగైదు ఫిల్టర్ ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టండి. మట్టి కణం గరుకుగా, అంచులు విరిగి ఉంటుంది. బూడిద కొలిమి వేడికి కరిగి గాల్లో గడ్డకట్టింది కాబట్టి గోళీలా గుండ్రంగా ఉంటుంది. వందల అంకెలు తేల్చలేని తగవును ఆ ఒక్క ఫొటో తీరుస్తుంది.

సల్ఫేట్ ఫ్యాక్టర్‌కు మీరు ‘రామగుండం’ అని రాశారు. అది కొట్టేయండి. సల్ఫేట్ పొగగొట్టంలోంచి కణంగా రావడం తక్కువ. సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా బయటికొచ్చి, దారిలో గంటల తరబడి, రోజుల తరబడి మెల్లగా మారుతుంది. రామగుండం నుంచి వరంగల్‌కు గాలి దారిలో 90 కిలోమీటర్లుంటే, మామూలు గాలికి అది ఏడెనిమిది గంటల ప్రయాణం. ఆలోగా మారేది కొంతే. మీ ఫిల్టర్ మీది సల్ఫేట్‌లో ఎంతో భాగం అంతకంటే దూరం నుంచి వచ్చి ఉండవచ్చు. చలికాలంలో మనకు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచే వీస్తుంది. ఆ దిక్కున ముందు చెల్పూరు వస్తుంది, ఇంకా పైకి వెళ్తే ఛత్తీస్‌గఢ్ బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు. ఫిల్టర్ దగ్గర కూర్చుని వెనక్కి లెక్కపెట్టే ఈ రిసెప్టర్ మోడళ్ళు ఏ పొగగొట్టం అన్నది చెప్పలేవు, ‘ఇది గాల్లో పుట్టిన సల్ఫేట్’ అనే దాకా చెబుతాయి. ఆ పైన హైస్ప్లిట్ లాంటి కంప్యూటర్ మోడల్‌తో గాలి దారులు వెనక్కి గీసి చూడాలి, లేదా ఉద్గారాల జాబితా, వాతావరణ లెక్కలు కలిపి నడిపే సీమాక్, క్యామెక్స్ లాంటి మోడళ్ళకు పోవాలి. అవి మీ థీసిస్ కాలంలో అయ్యే పని కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 60 నమూనాలతో పీఎంఎఫ్ ఆడుకోవడానికి సరిపోతుంది, ఆనుకోవడానికి సరిపోదు. వంద దాటితే కొంచెం ధైర్యం వస్తుంది. సీఎంబీకి అన్ని నమూనాలు అక్కరలేదు కానీ మన ప్రొఫైళ్ళు కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆరు నగరాల అధ్యయనం కోసం వాహనాల ప్రొఫైళ్ళను పుణేలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ, మిగిలిన వాటిని ఐఐటీ బొంబాయి తయారు చేశాయి. వాహనాలకు అవి వాడుకోండి. మట్టికి మాత్రం వాడకండి. హనుమకొండ చౌరస్తా రోడ్డు దుమ్ము, ఒక చెలక మట్టి, ఒక నల్లరేగడి, ఒక క్వారీ పొడి సంచుల్లో తెచ్చి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, పెట్టెలో గాలితో లేపి, పీఎం 2.5 మూతి గుండా ఫిల్టర్ మీద పట్టండి. వారం పని. నేనైతే రెండు మోడళ్ళూ నడుపుతాను. రెండూ ఒకే మాట చెప్పిన చోట గట్టిగా రాస్తాను, వేరుగా చెప్పిన చోట ఆ తేడానే రాస్తాను.

పీఎంఎఫ్‌కు ఇచ్చే పట్టికలో గంధకం, సల్ఫేట్ రెండూ పెట్టారు. ఒకటి తీసేయండి, ఒకే వస్తువును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. పొటాషియానికి మాత్రం కరిగేది ఒక వరుసగా, కరగనిది ఇంకో వరుసగా పెట్టి చూడండి. కరగనిది తీసివేతలో వచ్చిన అంకె కాబట్టి దానికి అనిశ్చితి పెద్దదిగా ఇవ్వడం మరవద్దు.

ఫిల్టర్ల విషయం ఒకటి అడగాలి. మీ యంత్రం నిమిషానికి 16.7 లీటర్లు పీల్చేదైతే రోజుకు 24 ఘనపు మీటర్ల గాలి. గాలిలో 50 మైక్రోగ్రాములుంటే ఫిల్టర్ మీద చేరేది 1.2 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో వందో వంతు కూడా కాదు. ఎండాకాలంలో ఫిల్టర్లను ఐస్ పెట్టెలో తెచ్చారా? ఒకసారి మే నెలలో నేను పది ఫిల్టర్లను బండి డిక్కీలో పెట్టి, దారిలో భోజనానికి ఆగాను. అమ్మోనియం నైట్రేట్ వేడికి ఆవిరైపోయే సరుకు. ప్రయోగశాలకు చేరేసరికి నైట్రేట్ పెద్దగా మిగల్లేదు. పది రోజుల పని ఒక పూట భోజనం ఖరీదైంది.

ఇక ఆ 34 శాతం. సాఫ్ట్‌వేర్‌లోనే బూట్‌స్ట్రాప్ ఉంది. మీ నమూనాలను వందసార్లు అటూ ఇటూ కలిపి మళ్ళీ మళ్ళీ లెక్క వేయిస్తే, ఆ 34 ఎంత నుంచి ఎంత దాకా ఊగుతుందో తెలుస్తుంది. ఆ రెండు కొసలూ రాయండి. కొసలు 15, 50 అని వస్తే సిగ్గుపడనక్కరలేదు, దశాంశాలు మాత్రం వద్దు. ఇంకో మాట, ఆ వాటా వరంగల్ నగరానిది కాదు, ఒక మేడ మీద 60 రోజులది. హైదరాబాద్‌లో 2005, 06 సంవత్సరాల్లో చేసిన అధ్యయనంలో పంజాగుట్ట, చిక్కడపల్లి, ఊరి చివర సెంట్రల్ యూనివర్సిటీ అని మూడు చోట్ల నమూనాలు పట్టింది ఇందుకే. మీ మేడ కింద ఇడ్లీ బండి ఏదైనా ఉంటే అది కూడా రాయండి.

ఎక్స్‌రేకు పంపినవి టెఫ్లాన్ ఫిల్టర్లయి ఉంటాయి. కర్బనం కోసం పక్కనే క్వార్ట్జ్ ఫిల్టర్లు పట్టి ఉంటే, వాటిలో సగం ముక్కలు ఫ్రిజ్‌లో మిగిలి ఉండాలి. అందులోంచి పొటాషియం బాగా ఉన్న పదిహేను రోజులవి, తక్కువగా ఉన్న ఐదు రోజులవి తీసి అయాన్ క్రొమటోగ్రఫీకి పంపండి. గాలి పట్టని ఖాళీ ఫిల్టర్లు ఒకటి రెండు కూడా కలపండి. ఫలితం వచ్చాక కరిగిన పొటాషియం, మొత్తం పొటాషియం, ఇనుము ఈ మూడు అంకెలూ తేదీలతో సహా ఇక్కడ పెడితే, పేరు ఏం పెట్టాలో కలిసి చూద్దాం.